ప్లగ్గు మర పోతే హెడ్డు పోయినట్టు కాదు

"థ్రెడ్డు పోయిందన్నా, ప్లగ్గు ఊరికే తిరగతా ఉండాది."

పుత్తూరులో ఓ మెకానిక్ షెడ్డు ముందు, నా పాత మారుతి 800 మీదకు వంగి ఆ అబ్బాయి ఈ మాట అనగానే నా గుండె జారింది. హెడ్డు మార్చాలేమో అనుకున్నాను. మర పోయిందనగానే చాలామంది అలాగే కంగారు పడతారు. అంత అవసరం ఉండదు.

స్పార్క్ ప్లగ్గు ఒళ్ళు ఉక్కు. అది దిగే సిలిండర్ హెడ్డు అల్యూమినియం మిశ్రమం. రెండూ ఒరుసుకుంటే అరిగేది అల్యూమినియమే. పైగా వేడికి అది ఉక్కుకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుకే ఇంజిన్ కాలుతుండగా ప్లగ్గు విప్పకూడదు. చల్లారేదాకా ఆగాలి.

14 మిల్లీమీటర్ల ప్లగ్గులో ఒక మరచుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. అంత సన్నని మెట్లు మోసే బరువు తక్కువేం కాదు. పెట్రోలు మండినప్పుడు సిలిండర్‌లో పీడనం 50 బార్లు ఉందనుకుందాం. ప్లగ్గును బయటికి తోసే బలం 75 కిలోల బరువును దాటుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గుకు సెకనుకు 25 సార్లు ఆ దెబ్బ తగులుతుంది. అమెరికాలో ఫోర్డ్ ట్రైటన్ ఇంజిన్లు కొన్నింటిలో హెడ్డు వైపు మరచుట్లు మరీ తక్కువగా ఉండేవి. బండి నడుస్తుండగానే ప్లగ్గులు ఊడి ఎగిరిన సంగతి అక్కడి మెకానిక్కులందరికీ తెలుసు. ఇంకో సంగతి: ప్లగ్గు వేడి చాలావరకు ఈ మరల గుండా, సీటు గుండా హెడ్డులోకి దిగిపోవాలి. పట్టు వదులైతే ప్లగ్గు అతిగా కాగుతుంది.

మర చెడేది ఎక్కువగా మన తొందరవల్లే. ప్లగ్గు వంకరగా కూర్చున్నా చూసుకోకుండా పానా వేసి తిప్పేస్తాం. లేదంటే గట్టిగా ఉండాలని బలమంతా పెట్టి బిగిస్తాం. ఏళ్ళతరబడి విప్పకపోతే మసి పట్టి బిగుసుకుపోతుంది, లాగినప్పుడు అల్యూమినియం దానితోపాటే ఊడి వస్తుంది.

పైచుట్లు ఒకటి రెండు మాత్రమే నలిగితే మర కోసే ట్యాప్ తిప్పి మళ్ళీ దారికి తేవచ్చు. రంధ్రంలోకి దించి, లోపల విప్పార్చి, లోపలినుంచి పైకి మర శుభ్రం చేసుకుంటూ వచ్చే ట్యాపులూ ఉన్నాయి. లోపలి మంచి చుట్లను పట్టుకుని వస్తాయి కాబట్టి దారి తప్పవు.

మర పూర్తిగా పోతే హెలికాయిల్ వెయ్యాలి. రంధ్రాన్ని దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెద్దది చేసి కొత్త మర కోస్తారు. అందులోకి స్టెయిన్‌లెస్ స్టీలు తీగచుట్టను తిప్పి దించుతారు. దాని లోపలివైపు పాత 14 మిల్లీమీటర్ల మరే వస్తుంది. తీగకు బదులు గట్టి ఉక్కు బుష్ వేసే పద్ధతీ ఉంది, పదేపదే ప్లగ్గు విప్పే బండికి నేనైతే దానికే ఓటు వేస్తాను. సరిగ్గా వేస్తే ఇక ప్లగ్గు ఒరుసుకునేది ఉక్కుతో, అల్యూమినియంతో కాదు. అందుకే ఇది పాత మరకంటే గట్టిగా నిలుస్తుంది.

మా పుత్తూరు కట్టు పేరు వినని వాళ్ళుండరు. విరిగిన ఎముకను వరసకు తెచ్చి కట్టు కడితే చాలు, అతుక్కునే పని ఎముకే చూసుకుంటుంది. లోహానికి ఆ ప్రాణం లేదు, కొత్త లోహం తెచ్చి నిలబెట్టాలి. కానీ వరస తప్పకూడదన్నది రెండుచోట్లా ఒక్కటే. ట్యాప్ కాస్త వాలినా ప్లగ్గు సీటు మీద ఒకవైపే కూర్చుంటుంది, రెండోవైపు గాలి చిమ్ముతుంది.

ఇంకో ప్రమాదం, లోపల పడే అల్యూమినియం పొట్టు. హెడ్డు దించి చేస్తే ఆ బాధ లేదు. దించకుండా చేస్తే ట్యాప్‌కు గ్రీజు దట్టంగా పూయాలి, అర చుట్టు తిప్పినప్పుడల్లా వెనక్కి తిప్పి బయటికి తీసి తుడవాలి. చివర్లో వాక్యూమ్‌తో పీల్చేయాలి. ఈ ఓపిక లేనివాళ్ళు టేపు చుట్టి, ఎపాక్సీ ముద్ద పెట్టి, లావు ప్లగ్గును బలవంతంగా దూర్చి పంపిస్తారు. దయచేసి ఒప్పుకోకండి. మిగిలిన కాస్త లోహమూ పోతుంది.

నా బండికి కాయిల్ పడింది. ప్లగ్గు బిగించేటప్పుడు ఆ అబ్బాయి పానా ముట్టుకోలేదు. జానెడు రబ్బరు ట్యూబు ప్లగ్గు తలకు తొడిగి, రెండు వేళ్ళతో తిప్పాడు.

"వంకరగా పడితే ట్యూబే జారిపోతాదన్నా, మర తెగదు."

ప్లగ్గు సీటుకు తగిలాకే పానా అందుకున్నాడు. ప్లగ్గు కింద కొత్త వాషరు కాబట్టి అక్కడినుంచి అర చుట్టు, ఇంకాస్త. తాళం చెవి నా చేతికిచ్చాడు.