నికోబారీల దీవులకు సర్కారు కాపలా

బంగాళాఖాతం దక్షిణ కొసన ఉన్న నికోబార్ దీవుల్లో 2022లో మూడు కొత్త అభయారణ్యాలు వెలిశాయి. లిటిల్ నికోబార్ తీరంలో లెదర్‌బ్యాక్ తాబేళ్ల కోసం ఒకటి, మెంచాల్ దీవిలో మెగాపోడ్ పక్షుల కోసం ఒకటి, మెరో దీవి చుట్టూ పగడపు దిబ్బల కోసం మరొకటి ఏర్పాటు చేస్తున్నట్లు అండమాన్ నికోబార్ పాలనా యంత్రాంగం ప్రకటించింది. పర్యావరణ ప్రియులు హర్షించవలసిన నిర్ణయమే. అయితే దానికి అభ్యంతరం చెప్పినవారు ఆ తీరాలను, ఆ దీవులను తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన నికోబారీలే కావడం గమనార్హం.

లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి వాదన క్లుప్తమైనది. ఆ దీవులు తమ సంప్రదాయ ఆస్తి, వాటికి హక్కుదారులున్నారు, తమను సంప్రదించకుండానే వాటిని అభయారణ్యాలుగా మార్చారు. మెంచాల్, మెరోలలో ఎవరూ స్థిరంగా కాపురముండరు. కాని జనావాసం లేని దీవి యజమాని లేని దీవి కాదన్న సంగతి ప్రభుత్వ దస్త్రాలకు సులభంగా ఎక్కదు.

నికోబారీల దృష్టిలో అవి ఆత్మలు సంచరించే చోట్లు. అక్కడికి వెళ్లడానికీ, వెళ్లినవారు ఏది ఎంత తెచ్చుకోవాలన్నదానికీ పెద్దలు విధించిన కట్టుబాట్లున్నాయి. ఈ నమ్మకాన్ని నాగరికులు మూఢవిశ్వాసమని కొట్టిపారేయవచ్చు. దాని ఫలితం మాత్రం నేడు ప్రభుత్వం అభయారణ్యం పేరిట కోరుకుంటున్నదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సైతం నికోబార్ గిరిజనులకు అంతకుముందే సంక్రమించిన వేట హక్కుల జోలికి పోలేదు. తాబేలు మాంసం, మెగాపోడ్ గుడ్లు వారి ఆహారంలో భాగం. తింటున్నారు కనుకనే అవి అంతరించిపోకుండా చూసుకోవలసిన అవసరం వారికే ఎక్కువ.

మెగాపోడ్ కోడి పరిమాణంలో ఉండే పక్షి. అది గుడ్లను పొదగదు. తీరప్రాంతంలో ఇసుక, ఆకులు, పుల్లలు కాళ్లతో పోగుచేసి దిబ్బ కట్టి అందులో గుడ్లు పెడుతుంది. ఆకులు కుళ్లినప్పుడు పుట్టే వేడికి పిల్లలు బయటికి వస్తాయి. నికోబార్‌లో ఉండే ఈ జాతి ప్రపంచంలో మరెక్కడా లేదు. దిబ్బ కనిపించిందంటే గుడ్లు చేతికందినట్లే. ఒక్క తరం నికోబారీలు హద్దు మరిచి ఉంటే ఈ పక్షి కోసం అభయారణ్యం ప్రకటించవలసిన అవసరమే ఉండేది కాదు.

కొబ్బరి, పంది, మొగలి జాతికి చెందిన పాండనస్ పండు, చేప - ఈ నాలుగింటి చుట్టూ నికోబారీల జీవితం అల్లుకుని ఉంది. పాండనస్ పండును ఉడికించి, గుజ్జు గీసి, పీచు తీసివేసి ముద్దలుగా చేస్తారు. చాలాకాలం నిలవ ఉండే ఈ ముద్దే వారి అన్నం. పందులకు కొబ్బరి మేపుతారు. కాసిన కాయల్లో పెద్ద భాగం వాటికే పోతుంది. మిగిలినది ఇంటికి, ఆపై ఎండుకొబ్బరిగా వర్తకులకు చేరుతుంది. బియ్యం, చక్కెర, బట్టలు, కిరసనాయిలు కావలసినప్పుడు కావలసినంత మేరకే కాయలు కొట్టి ఎండబెట్టడం వారి అలవాటు. ఎక్కువ ఎండబెడితే ఎక్కువ డబ్బు వస్తుంది కదా అని అడిగేవారికి ఆ పందులే సమాధానం. పంది లేనిదే పండుగ లేదు, పెద్దల కర్మ లేదు, ఊరందరికీ వాటా పంచే విందు లేదు. కార్ నికోబార్‌లో భూమి, చెట్లు వ్యక్తుల పేరిట ఉండవు. తుహేత్ అనే ఉమ్మడి కుటుంబం వాటికి యజమాని. ఎవరు ఏ తోటలో కాయలు దింపుకోవాలో తుహేత్ పెద్ద నిర్ణయిస్తాడు.

2004 డిసెంబరు 26న ఈ అల్లిక ఒక్క ఉదయంలో తెగిపోయింది. సునామీ తీరగ్రామాలను తుడిచిపెట్టింది. కొబ్బరి తోటలు, పందులు, హోడీలనే ఆసరా పడవలు సముద్రం పాలయ్యాయి. భూకంపానికి గ్రేట్ నికోబార్ దక్షిణ కొస నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఇందిరా పాయింట్ దీపస్తంభం నీళ్లలో నిలిచింది. 2001 జనాభా లెక్కల్లో 42,068 మంది ఉన్న నికోబార్ జిల్లాలో 2011 నాటికి 36,842 మందే మిగిలారు.

1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగినప్పటి కష్టం తెలుగువారికి కొత్త కాదు. నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. కోనసీమ రైతుకు వెనుక వరిచేను, పక్కన పట్టణం ఉన్నాయి. నికోబారీకి ఆ ఆరేడేళ్లూ ఓడలో వచ్చిన బియ్యమే దిక్కయింది. ఆకలిగొన్నవారికి బియ్యం ఇవ్వడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాని సహాయం తుహేత్ పెద్ద చేతికి కాక విడివిడి కుటుంబాలకు నగదుగా అందింది. ఉమ్మడి ఇళ్లు ఉన్నచోట వరుసగా చిన్న రేకుల ఇళ్లు లేచాయి. సునామీకి ముందునుంచే ట్రింకెట్ దీవిలో పరిశోధన చేసిన సామాజిక పర్యావరణవేత్త సిమ్రన్‌జీత్ సింగ్, విపత్తు కంటె ఆ తరువాత వెల్లువెత్తిన సహాయం నికోబారీల వ్యవస్థను ఎంతగా కుదిపిందో తన రచనల్లో వివరించారు. బియ్యం, చక్కెర, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్లు అప్పుడప్పటి అవసరాలు కావడం మాని నిత్యావసరాలయ్యాయి.

అంతటి దెబ్బ తిన్న సమాజం మళ్లీ తోటలు వేసుకుని నిలదొక్కుకుంటున్న తరుణంలో గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు ముందుకు వచ్చింది. సుమారు 72,000 కోట్ల రూపాయల అంచనాతో నీతి ఆయోగ్ ప్రతిపాదించిన ఈ పథకంలో గలతియా అఖాతం వద్ద భారీ ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, నగరం ఉన్నాయి. మలక్కా జలసంధికి పోయే అంతర్జాతీయ నౌకామార్గం ఈ దీవికి ఎంతో చేరువలో ఉంది. మన సరకు నేడు కొలంబో, సింగపూర్ రేవుల్లో ఓడలు మారుతున్నదని, ఆ ఆదాయం దేశానికే దక్కాలని ప్రభుత్వం చెబుతోంది. దేశరక్షణ వాదన సరేసరి. ఇవి తేలికగా తోసిపుచ్చదగినవి కావు.

చిక్కు స్థలంతో వచ్చింది. గలతియా ఇసుకతీరం లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. సముద్ర తాబేళ్లలో అతి పెద్దదైన ఈ జాతికి మన దేశంలో మిగిలిన ముఖ్య స్థావరాలు ఈ దీవుల్లోనే ఉన్నాయి. లిటిల్ అండమాన్‌లో ఉపగ్రహ పరికరాలు అమర్చిన తాబేళ్లు కొన్ని ఆస్ట్రేలియా దిక్కుకు, కొన్ని ఆఫ్రికా తీరానికి వెళ్లినట్లు పరిశోధకులు గుర్తించారు. సునామీలో మునిగిన గలతియా తీరం మళ్లీ ఇసుక పట్టగానే తాబేళ్లు తిరిగివచ్చాయి. అటువంటి గలతియా అభయారణ్యం హోదాను 2021 జనవరిలో రద్దు చేశారు. ఆ మరుసటి ఏడాదే లిటిల్ నికోబార్, మెంచాల్, మెరోలకు ఆ హోదా లభించింది. ఒకచోట తీసివేసిన లెక్కను మరొకచోట సరిపెట్టినట్లయింది. ఆ లెక్కలో పోయినదీ, సరిపెట్టినదీ నికోబారీల తీరాలే.

ప్రాజెక్టుకు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి కావాలి. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. అఖాతంలో తాబేళ్ల కోసం కొంత తీరాన్ని విడిచిపెడతామని అధికారులు చెబుతుండగా, రేవు పనుల రణగొణ మధ్య తాబేలు ఒడ్డెక్కదని విమర్శకులు అంటున్నారు. వివాదం హరిత ట్రిబ్యునల్‌కు, న్యాయస్థానాలకు ఎక్కింది. తిండి సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. 2011లో గ్రేట్ నికోబార్ జనాభా ఎనిమిది వేల పైచిలుకు. మూడు దశాబ్దాల్లో అది మూడున్నర లక్షలకు చేరుతుందని ప్రాజెక్టు అంచనా. పోర్ట్ బ్లెయిర్‌కే - 2024 నుంచి శ్రీ విజయపురం - బియ్యం, పప్పులు, ఉల్లిపాయలు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో వస్తున్నాయి. గ్రేట్ నికోబార్ దానికి ఇంకా దక్షిణాన ఎక్కడో ఉంది.

ఈ వ్యవహారంలో తెలుగువారు కేవలం ప్రేక్షకులు కారు. 2011 లెక్కల ప్రకారం కేంద్రపాలిత ప్రాంతంలో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకారులు అండమాన్ చేపల రేవుల్లో ప్రముఖంగా కనిపిస్తారు. ఇటీవలి దశాబ్దాల్లో వారి గాలానికి గిరాకీ తెచ్చినది గ్రూపర్ చేప. విదేశాలకు ఎగుమతి అయ్యే ఈ చేపల్లో చాలా రకాలు ఆడవిగా ఎదిగి, పెద్దవైన తరువాత మగవిగా మారతాయి. ధర పలికేది పెద్ద చేపకు. పెద్దవాటినే ఏరి పడితే మందలో మగచేపలు కరువవుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా అమలయ్యే వేట నిషేధం వారికి బాగా తెలుసు. అది క్యాలెండర్ చూసి ఢిల్లీ నుంచి వచ్చే ఆజ్ఞ. ఏ చేప ఎంత మిగిలిందో చూసి ఊరి పెద్ద చెప్పే మాట వలస వచ్చిన రేవులో ఇంకా పుట్టలేదు.

గ్రేట్ నికోబార్ నికోబారీలు సునామీ తరువాత క్యాంప్‌బెల్ బే సమీపంలోని న్యూ చింగెన్, రాజీవ్ నగర్ పునరావాస కాలనీలకు చేరారు. పూర్వపు గ్రామాలకు తిరిగి పంపాలని అప్పటినుంచి అడుగుతూనే ఉన్నారు. 2022 ఆగస్టులో గిరిజన మండలి అటవీ భూమి మళ్లింపునకు నిరభ్యంతర పత్రం ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో దానిని ఉపసంహరించుకుంది. తాము తిరిగి వెళ్లాలనుకుంటున్న గ్రామాల భూములు కూడా ఆ అడవి లెక్కలో ఉన్నట్లు సంతకం నాటికి తమకు చెప్పలేదని మండలి లేఖ రాసింది.