తలసరి అప్పు లక్షా నలభై వేలు: బాకీ ఎవరికి?

కేంద్ర ప్రభుత్వ అప్పు సుమారు 200 లక్షల కోట్ల రూపాయలు. జనాభాతో భాగిస్తే తలకు దాదాపు లక్షా నలభై వేలు. ఉయ్యాల్లో పసిబిడ్డ నెత్తిన కూడా ఇంత భారం ఉందని బడ్జెట్ రోజుల్లో వింటుంటాం. భాగహారం సరైనదే. అయితే ఖాతాలో రెండో పక్క ఎవరూ చదవరు.

అప్పిచ్చింది ఎవరు? చాలావరకు మనమే. ఫలానా తేదీకి వడ్డీతో తీరుస్తానని రాసిచ్చే బాండ్లను ప్రభుత్వం అమ్ముతుంది. బ్యాంకులు, ఎల్‌ఐసీ వంటి బీమా సంస్థలు, ప్రావిడెంట్ ఫండ్లు, రిజర్వు బ్యాంకు కొంటాయి. బ్యాంకులైతే డిపాజిట్లలో వందకు 18 రూపాయలు ఈ బాండ్లు, బంగారం, నగదు రూపంలో ఉంచి తీరాలి. విదేశీయుల వాటా నూటికి పది లోపే.

మనకు మనమే బాకీ అయితే ఎంతైనా చేయొచ్చా? చేయకూడదు. సొంత కరెన్సీలో తీసుకున్న అప్పుకు రూపాయలు దొరకని పరిస్థితి అరుదే. కానీ హద్దు దాటితే ధరలు పెరిగి ఆ దెబ్బ మన మీదే పడుతుంది.

ఆ హద్దు ఎక్కడ? అప్పు జీడీపీలో, అంటే దేశ వార్షిక ఉత్పత్తి విలువలో, 90 శాతం దాటితే వృద్ధి కుప్పకూలుతుందని 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు రాశారు. అలాంటి దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమన్నారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, ఇద్దరు ఆచార్యులతో కలిసి ఆ లెక్క మళ్లీ వేశాడు. ఎక్సెల్ షీటులో ఐదు దేశాలు కూడికలోకే రాలేదు; సగటు తీసిన పద్ధతిలోనూ లోపాలున్నాయి. సరిచేస్తే సగటు 2.2 శాతం. వృద్ధి కొంత తగ్గిన మాట నిజం, 90 దగ్గర అగాధం మాత్రం లేదు. జపాన్ అప్పు 200 శాతం దాటింది. మన కేంద్రానిది 56 శాతం.

అయితే దేని గురించి ఆలోచించాలి? వడ్డీ గురించి. 2025-26 బడ్జెట్‌లో వడ్డీ 12.76 లక్షల కోట్లు. నలుగురున్న కుటుంబానికి నెలకు మూడు వేలు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా జీఎస్‌టీ రూపంలో అందరూ కడతారు. తిరిగి అందేది మాత్రం డిపాజిట్లు, పాలసీలు, పీఎఫ్ ఉన్నవారికే. ఇవేవీ లేని కూలీకి కట్టడమే మిగులుతుంది. ఈ ఎగుడుదిగుడు తలసరి లెక్కలో కనిపించదు.

అప్పు సొమ్ము ఎటు పోతోందన్నది ఇంకో ప్రశ్న. అదే బడ్జెట్‌లో కొత్త అప్పు 15.69 లక్షల కోట్లు. అందులో 5.24 లక్షల కోట్లు రెవెన్యూ లోటుకే, అంటే జీతాలు, వడ్డీలు, సబ్సిడీల వంటి ఏటేటా ఖర్చులకు ఆదాయం చాలక పడిన గండి పూడ్చడానికే. వచ్చే బడ్జెట్‌లో ఈ మూడో వంతు తగ్గిందో లేదో చూడండి. తలసరి అప్పు కంటే అది ఎక్కువ చెబుతుంది.