ఎండను నీటితొట్టిలో దాచుకోవడం

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల రైతుకు సరిహద్దు అవతలి బంధువుల పొలంలో ముందుగా కనిపించే భేదం కరెంటు వేళ. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు 2018 జనవరి 1న ఆరంభమయింది. నాందేడ్ వైపు మాత్రం కొన్ని దినాలు పగలు, కొన్ని దినాలు రాత్రి అనే వంతుల సరఫరాయే చిరకాలం నడిచింది. 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం 7.5 హెచ్‌పీ వరకు పంపులకు బిల్లు రద్దు చేసింది. అయితే బిల్లు పోయినంత మాత్రాన చీకటిలో టార్చి పట్టుకొని గట్ల మీద నడిచే భయం పోదు.

అందువల్లనే పలువురి దృష్టి సౌర పంపులపై నిలిచింది. 2024లో వచ్చిన ‘మాగేల్ త్యాలా సౌర కృషి పంప్’ పథకంలో రైతు వాటా పది శాతం, ఎస్సీ, ఎస్టీ రైతులకు ఐదు శాతం. రెండున్నర ఎకరాల లోపు వారికి 3 హెచ్‌పీ, ఐదెకరాల వరకు 5, అంతకు మించితే 7.5 హెచ్‌పీ పంపు.

ఈ పంపుకు బ్యాటరీ ఉండదు. అది లోపం కాదు. 5 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు నాలుగు యూనిట్లు తింటుంది. సాధారణ ఇన్వర్టర్ బ్యాటరీ (12 వోల్టులు, 100 ఆంపియర్ గంటలు) పాడవకుండా ఇవ్వగలిగేది అర యూనిటుకు కాస్త ఎక్కువ. అంటే రాత్రి ఒక్క గంట తోడటానికి అటువంటివి ఏడు కావాలి. అవి కూడా కొన్నేళ్ళకే మార్చవలసినవి. అదే నీటిని పగలే తోడి ఎత్తైన తొట్టిలో నింపితే, రాత్రి కరెంటు లేకుండానే దానంతట అదే క్రిందికి పారుతుంది. బ్యాటరీని ఇంటి దీపాలకు మాత్రమే ఉంచుకోవాలి. మూడు ఎల్‌ఈడీ బల్బులకు, తక్కువ కరెంటుతో తిరిగే ఒక ఫ్యానుకు, ఫోన్లకు రోజుకు అర యూనిటు చాలు. 200 వాట్ల సోలార్ ప్లేటు ఎండ దినాన అంతకన్న ఎక్కువే ఇస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటి కప్పు మీద బ్యాటరీ లేకుండా, మహావితరణ్ తీగతో కలిపి అమర్చే ప్లేట్లు కరెంటు పోగానే ఎండలో కూడా ఆగిపోతాయి. తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణరక్షణ కోసం అట్లా చేస్తారు. కొనేవారిలో ఎందరో ఈ సంగతి తరువాత తెలుసుకొంటారు.

అసలు చిక్కు నీటిది. ఖర్చు లేని పంపు పగలంతా నడిస్తే బోరు త్వరగా ఎండుతుంది. పక్కనున్న గోదావరి కూడా అన్ని వేళలా ఆదుకోదు. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం బాభళీ బ్యారేజీ గేట్లు జులై 1 నుండి అక్టోబరు 28 వరకు ఎత్తి ఉంచాలి. కనుక వాననీటిని ఇంటివద్దనే పట్టుకోవాలి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. యాభై చదరపు మీటర్ల కప్పు మీద 900 మిల్లీమీటర్లు కురిస్తే, ఐదో వంతు పోయినా 36,000 లీటర్లు. ఐదుగురి త్రాగునీటికి, వంటకు రోజుకు 50 లీటర్ల చొప్పున 200 దినాలకు 10,000 లీటర్ల తొట్టి సరిపోతుంది. మృగశిర తొలివానను కప్పు కడగడానికి వదిలివేసి, తొట్టికి వెలుతురు, దోమ చొరబడని మూత వేయాలి, త్రాగేముందు కాచుకోవాలి. మిగిలిన 26,000 లీటర్లను ఇసుక, కంకర నింపిన గుంట ద్వారా బోరు పక్క నేలలోకి ఇంకించవచ్చు.