ఫర్రీ అభిమాన సమాజం

'''ఫర్రీ అభిమాన సమాజం''' అనగా మనుష్యుల వలె మాటలాడుచు, రెండు కాళ్ళపై నడచుచు, మనుష్యుల వంటి బుద్ధియు స్వభావమును కలిగియుండు కల్పిత జంతు పాత్రలయందు అభిమానము గలవారి సమూహము. ఈ అభిమానులను '''ఫర్రీలు''' అందురు. 1980 దశకములో అమెరికా సంయుక్త రాష్ట్రములలో రూపు దిద్దుకొన్న ఈ సమాజము నేడు ఐరోపా, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా మొదలగు చోట్లకు వ్యాపించియున్నది. బొమ్మలు గీయుట, కథలు వ్రాయుట, జంతు వేషములు కుట్టుట, ఏటేట సమావేశములు జరుపుకొనుట వీరి ముఖ్య వ్యాపకములు. వీరిని గురించి లోకములో ప్రచారములోనున్న మాటలలో చాలభాగము అపోహలే. వాటిలో కొన్ని శాసనసభల వరకు కూడ వెళ్ళినవి.

== పేరు ==

ఆంగ్లములో ఫర్ అనగా జంతువుల ఒంటిపైనుండు దట్టమైన మెత్తని బొచ్చు. దానినుండి ఫర్రీ అను మాట వచ్చినది. అయితే పొలుసులుండు డ్రాగన్లు, బల్లులు, ఈకలుండు పక్షులు కూడ ఈ అభిమానుల పాత్రలలో ఉండును. కనుక పేరును అక్షరార్థముగా గ్రహింపరాదు.

జంతువులకు మాటలు నేర్పుట మనకు క్రొత్త సంగతి కాదు. 1853లో చిన్నయసూరి వెలువరించిన నీతిచంద్రికను చదివిన విద్యార్థికి హిరణ్యకుడను ఎలుకయు, చిత్రగ్రీవుడను పావురమును సుపరిచితులే. అయినను అక్కడ జంతువు నీతిని బోధించుటకు ఒక సాధనము మాత్రమే. నీతి తెలిసిన పిమ్మట ఆ ఎలుక ఏ రంగుది, దానికి ఏ ఆట ఇష్టము అని ఎవ్వరును అడుగరు. ఫర్రీ అభిమాని సరిగా ఆ ప్రశ్నలే అడుగును. అతనికి పాత్రయే ప్రధానము.

== చరిత్ర ==

ఈ సమాజమునకు మూలము వైజ్ఞానిక కల్పనా సాహిత్య అభిమానులలోను, వ్యంగ్యచిత్ర కథల అభిమానులలోను ఉన్నది. 1976లో రీడ్ వాలర్, కెన్ ఫ్లెచర్ అను చిత్రకారులు ''వూటీ'' అను చిన్న పత్రికను ఆరంభించిరి. జంతు పాత్రల చిత్రకథలను చులకనగా చూచుట తగదని భావించిన చిత్రకారులు అందులో గీయుచుండిరి. 1980లో బోస్టన్ నగరమున జరిగిన ప్రపంచ వైజ్ఞానిక కల్పనా సమావేశములో స్టీవ్ గలాచి అను చిత్రకారుడు ప్రదర్శించిన ఒక జంతు పాత్ర చిత్రము అనేకులను ఆకర్షించినది. దానిని గురించి మాటలాడుకొనుటకు గుమికూడిన వారు తరువాతి సమావేశములలో కూడ కలుసుకొనసాగిరి. ఈ సమాజపు చరిత్రను శ్రద్ధగా గ్రంథస్థము చేసిన ఫ్రెడ్ ప్యాటెన్ (1940-2018) ఈ ఘటననే ఆరంభముగా పేర్కొనెను. గలాచి ఆ పాత్రతో తరువాత ''ఆల్బెడో'' అను చిత్రకథా పత్రికను వెలువరించెను.

1984లో మార్క్ షిర్మైస్టర్ ఆరంభించిన ''రౌర్‌బ్రాజిల్'' అను పత్రిక నడచిన తీరు గమనింపదగినది. ప్రతి సభ్యుడును తాను గీసిన, వ్రాసిన పుటలకు సభ్యులెందరో అన్ని ప్రతులు తీయించి సంపాదకునికి పంపవలెను. సంపాదకుడు అందరి పుటలను ఒక్కటిగా చేర్చి తిరిగి ప్రతి సభ్యునికి ఒక సంపుటము చొప్పున టపాలో పంపును. పాఠకుడు వేరు, రచయిత వేరు అను భేదము ఇందులో లేదు. మన కళాశాలలలో ఒకప్పుడు లిఖిత పత్రికలు నడిపినవారికి ఈ పద్ధతిలోని ఆనందము సులభముగా బోధపడును. అభిమాని కేవలము ప్రేక్షకుడుగా ఉండక తానును సృష్టించవలెనను నేటి ఫర్రీల ధోరణికి బీజము ఇటువంటి పత్రికలలోనే ఉన్నది.

కేవలము ఫర్రీల కొరకే ఏర్పడిన మొదటి సమావేశము ''కాన్‌ఫరెన్స్'' 1989 జనవరిలో కాలిఫోర్నియాలోని కోస్టా మీసాలో జరిగినది. దానికి వచ్చినవారు 65 మంది. 1995లో జర్మనీలో యూరోఫరెన్స్, 1997లో న్యూయార్క్ రాష్ట్రములోని ఆల్బనీలో ఆంత్రోకాన్ మొదలైనవి. ఆంత్రోకాన్ 2006 నుండి పిట్స్‌బర్గ్ నగరములో జరుగుచున్నది. ఆ సంవత్సరము సుమారు 2,500 మంది హాజరు కాగా 2024లో ఆ సంఖ్య 17 వేలు దాటినది. అంతర్జాలము వచ్చిన తరువాతనే ఈ విస్తరణ సాధ్యమైనది. 2005లో ఆరంభమైన ఫర్ అఫినిటీ అను చిత్రకళా వేదిక ఇందుకు ఎంతయో తోడ్పడినది.

== ఫర్‌సోనా ==

ఫర్రీలలో అత్యధికులు తమకొరకు ఒక జంతు పాత్రను కల్పించుకొందురు. దీనిని ఫర్‌సోనా అందురు. దానికి ఒక పేరు, రంగు, స్వభావము, కొన్నిసార్లు ఒక కథ కూడ ఉండును. అంతర్జాలములోను, సమావేశములలోను ఒకరినొకరు ఈ పేరుతోనే పిలుచుకొందురు. తోడేలు, నక్క, కుక్క, పిల్లి, డ్రాగన్ ఎక్కువగా కనిపించును. రెండు మూడు జంతువులు కలసిన సంకర పాత్రలు కూడ మెండు. విచిత్రమేమనగా మనిషికి అన్నింటికంటె దగ్గరి చుట్టములైన కోతులు, వానరములు చాల అరుదు.

చాలమంది తమలోనున్న గుణములతో పాటు తమకు లేని, కావలెనని కోరుకొను గుణములను కూడ ఫర్‌సోనాకు ఆపాదింతురు. బిడియస్థుడైన యువకుని ఫర్‌సోనా కలుపుగోలు నక్క కావచ్చును. నలుగురిలో నోరు విప్పలేనివారు ఆ పేరు చాటున మాటలాడగలుగుదురు. కలము పేరుతో వ్రాయు కవికిని ఇటువంటి స్వేచ్ఛయే లభించునని చెప్పవచ్చును.

ఇంతటి ఆదరణ ఉండుటచేత ఫర్రీ సమాజములో చిత్రకారులకు నిజమైన ఉపాధి లభించుచున్నది. బొమ్మ గీయుట రానివారు తమ ఫర్‌సోనాను గీయించుకొనుటకు చిత్రకారునికి డబ్బు చెల్లింతురు. పెద్ద వినోద సంస్థల ప్రమేయము లేకుండ, అభిమానుల డబ్బు అభిమానుల చేతికే చేరుట ఇక్కడి విశేషము. ఇతర అభిమాన సమాజములు ఏదో ఒక చలనచిత్రమునకో నవలకో చెందియుండును. ఫర్రీలకు అటువంటి ఏక గ్రంథము లేదు. డిస్నీ వారి 1973 నాటి ''రాబిన్ హుడ్'' చిత్రములోని నక్క కథానాయకుడు తమను ఇటు లాగెనని చెప్పువారు పలువురున్నను, వారు అభిమానించుచున్నది ఆ ఒక్క చిత్రమును కాదు.

== ఫర్‌సూట్ ==

పత్రికలలోను, టెలివిజన్‌లోను ఫర్రీలు అనగానే చూపబడునది ఫర్‌సూట్ అను జంతు వేషము. దీని తలను సాధారణముగా స్పాంజితో మలచి, దానిపై కృత్రిమ బొచ్చు గుడ్డను అంటించి కుట్టుదురు. కన్నుల స్థానమున సన్నని జల్లెడ వంటి బట్ట ఉండును. లోపలివానికి కొంత కనిపించును గాని బయటివానికి అతని కన్నులు కనిపించవు. చేతులు, పాదములు, తోక విడివిడిగా ఉండును. కొలత తీసుకొని ఒక్కొక్కరికి ప్రత్యేకముగా కుట్టవలసినందున పూర్తి వేషమునకు వేల డాలర్లు ఖర్చగును. స్వయముగా కుట్టుకొనువారును కలరు.

లోపల ఉక్క భరింపరానిది. చూపు మందగించును, వినికిడి తగ్గును. అందుచేత వేషధారికి తోడుగా ఒక సహాయకుడు నడచుచు మెట్లు, పిల్లలు అడ్డువచ్చినపుడు హెచ్చరించును. సమావేశములలో వేషధారులు సేద తీరుటకు ఫ్యానులు, మంచినీళ్ళు ఉంచిన ప్రత్యేకపు గది ఉండును. అక్కడికి వెళ్ళి అందరును వేషపు తలలు తీసివేయుదురు గనుక దానికి 'తలలు లేనివారి గది' అను అర్థము వచ్చు హాస్యపు పేరు ఏర్పడినది. బయటివారికి అందులో ప్రవేశము లేదు, ఛాయాచిత్రములు తీయరాదు.

వేషము ఇంత ఖరీదైనది, ఇంత కష్టమైనది గనుకనే పూర్తి ఫర్‌సూట్ గలవారు ఫర్రీలలో కొద్దిమందియే. మిగిలినవారు మామూలు దుస్తులలో వచ్చి బొమ్మలు కొందురు, ఉపన్యాసములు విందురు, స్నేహితులను కలుసుకొందురు. కెమెరాకు మాత్రము వేషమే కనిపించును. పెక్కు అపోహలు పుట్టినది ఈ ఒక్క కారణము చేతనే.

== అపోహలు ==

ఫర్రీలు తమను జంతువులమని నమ్ముదురనునది అన్నింటికంటె పెద్ద అపోహ. దసరాకు పులివేషము కట్టి వీధిలో ఆడు కళాకారుడు తాను పులినని భ్రమపడుచున్నాడని మనమెవ్వరము అనుకొనము. పులివేషము ఒక కళాసంప్రదాయము, ఫర్‌సూట్ ఒక అభిరుచి. రెండింటికిని సంబంధము లేదు. కాని వేషము వేరు, వేషధారి వేరు అను వివేకము రెండు చోట్లను ఒక్కటే. ''థేరియన్లు'' అను మరియొక వర్గము కలదు. వీరు తమ అంతరంగములో ఏదో ఒక జంతువుతో తాదాత్మ్యము కలదని భావింతురు, అయినను తమ శరీరము మానవ శరీరమేనని ఎరుగుదురు. ఫర్రీలలో కొందరు థేరియన్లు కావచ్చును గాని రెండు పదములు పర్యాయములు కావు.

పరిశోధనలలో కూడ ఈ విషయమున చిక్కు లేకపోలేదు. 2008లో క్యాథ్లీన్ గెర్బాసి అను మనస్తత్వ శాస్త్రవేత్త సహ పరిశోధకులతో కలసి ''సొసైటీ అండ్ యానిమల్స్'' పత్రికలో ప్రచురించిన వ్యాసములో, మీరు నూరు శాతము మనుష్యులమని భావించుకొందురా అను తరహా ప్రశ్న ఉన్నది. గణనీయమైన సంఖ్యలో ఫర్రీలు కాదనిరి. తన పాత్రను అమితముగా ప్రేమించువాడు అట్టి ప్రశ్నకు ఏ అర్థములో కాదనెనో చెప్పుట కష్టము. ఆ వ్యాసములో దీనిని ఒక రుగ్మతతో పోల్చి చర్చించిన తీరును ఫియోనా ప్రోబిన్-రాప్సీ 2011లో అదే పత్రికలో విమర్శించెను. గెర్బాసి, కోర్ట్నీ ప్లాంట్, స్టీఫెన్ రేసెన్, షారన్ రాబర్ట్స్ మొదలైనవారు ఫర్‌సైన్స్ అను పేరుతో అటుపిమ్మట జరిపిన అనేక సర్వేలలో, ఫర్రీలలో అత్యధికులు దీనిని అభిరుచిగా, స్నేహ సమాజముగా భావించుచున్నారనియు, తమను మనుష్యేతరులుగా భావించుకొనువారు కొద్దిమందియేననియు తేలినది.

ఇది కేవలము లైంగిక వ్యవహారమను అపోహ రెండవది. 2001 మార్చిలో ''వానిటీ ఫెయిర్'' పత్రికలో వచ్చిన వ్యాసము, 2003 అక్టోబరులో ప్రసారమైన ''సి.ఎస్.ఐ.'' ధారావాహికలోని ఒక భాగము దీనిని బాగుగా వ్యాప్తి చేసినవి. పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన చిత్రములు, రచనలు ఫర్రీలలో లేవనుట సత్యము కాదు. అవి ఉన్నవి, సమావేశములలో వాటిని 18 సంవత్సరములు నిండినవారికే పరిమితము చేయుదురు. కాని ఈ సమాజములో ఎందుకు చేరితిరని అడిగినపుడు ఫర్రీలు ప్రధానముగా చెప్పునది స్నేహము, కళ, వినోదము. నిజమైన జంతువులపై అకృత్యములకును ఈ అభిరుచికిని ముడిపెట్టుట బొత్తిగా అన్యాయము. ఆంత్రోకాన్ వంటి సమావేశములు ఏటేట జంతు సంరక్షణ సంస్థలకు విరాళములు సేకరించి ఇచ్చుచున్నవి.

ఆ 2001, 2003 నాటి చిత్రణల తరువాత అనేక సమావేశములు విలేఖరుల ప్రవేశముపై కఠిన నిబంధనలు పెట్టినవి. దీనివలన బయటివారికి తెలియునది మరింత తగ్గినదను వాదము కూడ కలదు. పిట్స్‌బర్గ్‌లో మాత్రము ఇందుకు భిన్నముగా జరిగినది. అక్కడ వేసవిలో వేషధారుల ఊరేగింపు చూచుటకు నగరవాసులు పిల్లలతో వత్తురు, భోజనశాలలవారు ద్వారముల వద్ద స్వాగత చిత్రములు కట్టుదురు. పదేపదే కంటితో చూచిన ఊరిలో అపోహ నిలువలేదు.

== 2014 విషవాయు ఘటన ==

2014 డిసెంబరు 7 తెల్లవారుజామున షికాగో సమీపములోని రోజ్‌మాంట్‌లో మిడ్‌వెస్ట్ ఫర్‌ఫెస్ట్ జరుగుచున్న హోటలులో క్లోరిన్ వాయువు వ్యాపించినది. 9వ అంతస్తు మెట్ల వద్ద క్లోరిన్ పొడి కనుగొనబడినది. ఇది ఉద్దేశపూర్వకముగా చేసిన పనియని పోలీసులు భావించిరి. 19 మందిని ఆసుపత్రులకు తరలించిరి, వేలాదిమంది చలిలో బయట నిలువవలసి వచ్చినది. ఈ వార్తను చదువుచు ఒక టెలివిజన్ వ్యాఖ్యాత నవ్వు ఆపుకొనలేక కెమెరా ముందునుండి లేచిపోయిరి. విషవాయువు పీల్చి ఆసుపత్రి పాలైనవారు మరియే ఇతర సమావేశమునకు వచ్చినవారైనను ఆ నవ్వు వచ్చియుండెడిది కాదు.

== పాఠశాలల పుకారు ==

ఇంటిలో పెంచుకొను పిల్లి మలమూత్ర విసర్జనకై ప్రత్యేకమైన మట్టి గుళికలు పోసి ఉంచు పెట్టెను అమెరికాలో లిట్టర్ బాక్స్ అందురు. ఫర్రీలైన విద్యార్థుల కొరకు పాఠశాలల మరుగుదొడ్లలో ఇట్టి పెట్టెలు పెట్టుచున్నారను పుకారు 2021, 2022 సంవత్సరములలో అమెరికా అంతట ప్రాకినది. మిషిగన్ రాష్ట్రములోని మిడ్‌లాండ్ పాఠశాలల పర్యవేక్షకుడు 2022 జనవరిలో, తమ పాఠశాలలలో అటువంటివి ఎన్నడును లేవని బహిరంగ ప్రకటన చేయవలసి వచ్చినది. 2022 మార్చి 28న నెబ్రాస్కా శాసనసభ సభ్యుడు బ్రూస్ బోస్టెల్మన్ సభలోనే ఈ మాట పలికి, అది నిజము కాదని తెలిసి అదేరోజు క్షమాపణ చెప్పెను. ఆ సంవత్సరపు ఎన్నికలలో కనీసము 20 మంది అభ్యర్థులు, ప్రజాప్రతినిధులు ఈ కథను చెప్పిరని ఎన్.బి.సి. వార్తాసంస్థ లెక్కించినది. ఆ సంస్థ విచారించిన ఏ పాఠశాలలోను ఇది నిజమని తేలలేదు.

పిల్లి మట్టి గుళికలు తరగతి గదులలో ఉన్న సందర్భము ఒకటి మాత్రము బయటపడినది. కొలరాడోలోని జెఫర్సన్ కౌంటీ పాఠశాలలు 2017 నుండి అత్యవసర సామగ్రి బకెట్లలో వీటిని కొద్దిగా ఉంచుచున్నవి. తుపాకీతో ఎవరైనను పాఠశాలలో చొరబడినపుడు తలుపులు మూసుకొని గంటల తరబడి లోపల దాగవలసిన పిల్లలకు మరుగుదొడ్డికి పోవు దారి ఉండదు. అప్పుడు ఉపయోగపడుటకే ఈ ఏర్పాటు. 1999లో కాల్పులు జరిగిన కొలంబైన్ ఉన్నత పాఠశాల ఈ కౌంటీలోనిదే. పిల్లల ప్రాణభయమునకు చేసిన ఏర్పాటు పిల్లలను గేలిచేయు కథగా మారుట ఉపాధ్యాయ వృత్తిలో గడిపినవారికి మిక్కిలి బాధాకరము.

పుకారు అంతటితో ఆగలేదు. ఫర్రీలుగా ప్రవర్తించు విద్యార్థులను తల్లిదండ్రులు తీసుకొనిపోనిచో జంతు నియంత్రణ సిబ్బందిని పిలిపించవలెనను బిల్లు 2024లో ఓక్లహోమాలో ప్రతిపాదింపబడినది. 2025 మార్చిలో టెక్సాస్ ప్రతినిధి స్టాన్ గెర్డెస్ పాఠశాలలలో మనుష్యేతర ప్రవర్తనను నిషేధించుటకు మరియొక బిల్లు ప్రవేశపెట్టెను. అందులో పేర్కొన్న లిట్టర్ బాక్స్ తమ పాఠశాలలలో లేదని సంబంధిత జిల్లా అధికారులు తెలిపిరి. ఈ రెండు బిల్లులును చట్టములు కాలేదు.