అంకెలు విడదీస్తే... భయం విడిపోతుంది!

"నావల్ల కాదమ్మా! ఫీజు పోతే పోయింది, రేపట్నుంచి మానేస్తాను." కంప్యూటర్ క్లాసు నుంచి వస్తూనే మా వదిన అన్న మాటిది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఏదైనా ఉద్యోగం చూసుకుందామని నలభై దాటాక పైథాన్ కోర్సులో చేరింది. మొదటి వారమే 'ఇచ్చిన సంఖ్యలోని అంకెల్ని తిరగేయండి' అని లెక్క ఇచ్చారు. పక్కనున్న కుర్రాళ్లు చకచకా చేసేస్తుంటే ఈవిడ ప్రోగ్రామ్ మాత్రం పిచ్చి పిచ్చి జవాబులిచ్చిందట!

నిజానికి ఇందులో భయపడాల్సిందేముంది? కంప్యూటర్ కట్టేసి కాగితం, పెన్సిలు తీసుకోండి. 472ని పదితో భాగించండి. భాగఫలం 47, శేషం 2. ఆ శేషమే చివరి అంకె! 47ని మళ్లీ భాగిస్తే భాగఫలం 4, శేషం 7. ఇక 4లో పది పోదు కనుక భాగఫలం సున్నా, శేషం 4. భాగఫలం సున్నా అయ్యిందంటే పని పూర్తయినట్టే. అందాకా ఇదే పని మళ్లీ మళ్లీ చేయించడాన్నే లూప్ అంటారు.

ఇప్పుడు అంకెల్ని పేర్చాలి. మొదట జవాబు సున్నా అనుకోండి. అంకె దొరికినప్పుడల్లా పాత జవాబుని పదితో గుణించి, కొత్త అంకె కలపండి. 2, తర్వాత 27, ఆ తర్వాత 274. అంతే! గుణించకుండా ఊరికే కలుపుకుంటూ పోతే అంకెల మొత్తం 13 వస్తుంది. అదీ క్లాసుల్లో అడిగే లెక్కే.

పైథాన్‌లో శేషానికి పర్సెంట్ గుర్తు, భాగఫలానికి రెండు ఏటవాలు గీతలు వాడాలి. మా వదిన పొరపాటు ఇక్కడే దొరికింది. ఒక్క గీతే పెట్టింది. దాంతో 47 రావలసిన చోట 47.2 వచ్చి, అక్కణ్నుంచి లెక్కంతా తప్పింది.

ఇంకో జాగ్రత్త. 120ని ఇలా తిరగేస్తే 021 కాదు, 21 వస్తుంది. సంఖ్యకి ముందున్న సున్నాకి విలువ లేదు కదా! అందుకే ఓటీపీ లాంటివాటిని సంఖ్యగా కాక అక్షరాల వరుసగా దాచాలి. లేకపోతే 0482 కాస్తా 482 అయి కూర్చుంటుంది.

ఆ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక వదిన మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. తెరమీద 274 కనపడగానే "ఓస్, ఇది మా చిన్నప్పటి భాగహారమే కదే!" అంటూ నవ్వేసింది.

"మరి రేపు క్లాసు మానేస్తానన్నావు?"

"ఎందుకు మానేస్తానూ?"

మధ్యలో వదిలేద్దామనుకుంటున్న అక్కచెల్లెళ్లూ, మానేసే ముందు ఒక్క సంఖ్యని కాగితం మీద విడదీసి చూడండి!