సెకనుకు వెయ్యి గంటలు

చాలా ఏళ్ళ కిందటి మాట. తిరుపతిలో నేను పాఠం చెప్పే కాలేజీ హాస్టల్లో పిల్లలు ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి కౌంటర్ స్ట్రైక్ సర్వర్ నడిపేవాళ్ళు. ఒకరోజు క్లాసయ్యాక పుత్తూరు పిల్లోడొకడు వెంటబడ్డాడు. "సార్, సర్వర్ పక్క రూములోనే ఉండాది. ప్రాసెసర్ సగం ఖాళీ. అయినా సెకనుకు 50 ఫ్రేములు దాటడంల్యా. సరిగ్గా 50 ఏంది సార్?"

ఆ 'సరిగ్గా' నన్ను పట్టుకుంది. యంత్రం అలసిపోతే అంకె అటూ ఇటూ ఊగుతుంది. ఇంత గుండ్రంగా ఆగిందంటే ఎవరో గీత గీసినట్టే.

గీసింది లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్లోని గంట. మన పల్లె బళ్ళలో చెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడదీసి కొడతారే, అలాంటిదే. అప్పటి లినక్స్ పీసీల మీద సెకనుకు 100 సార్లు మోగేది. రెండు మోతల నడుమ 10 మిల్లీసెకన్లు. ఒక్కో మోతను 'జిఫ్ఫీ' అని లెక్కపెట్టుకోవడం తప్ప, నిద్రపోయిన ప్రోగ్రామును లేపడానికి కెర్నెల్ దగ్గర వేరే గడియారం లేదు.

గేమ్ సర్వర్ చేసే పని చిన్నది. ఆటగాళ్ళ కదలికలు చదువుతుంది, ఎవరి తూటా ఎవరికి తగిలిందో తేలుస్తుంది, అందరికీ కబురు పంపి "ఒక్క మిల్లీసెకను పడుకుంటా, లేపు" అంటుంది. కెర్నెల్‌కు ఒక నియమం ఉంది: ఆలస్యంగా లేపినా తప్పులేదు, అడిగినదానికంటే ముందు మాత్రం లేపకూడదు. ఇప్పుడు గంట కొట్టే అటెండరు వైపు నుంచి చూడండి. చేతికి వాచీ లేదు. పోయిన గంట కొట్టి ఎంతసేపయిందో తెలియదు. వచ్చే గంట మరుక్షణమే మోగొచ్చు. అప్పుడు లేపితే మాట తప్పినట్టు. అందుకని ఒక గంట వదిలేసి రెండోదానికి లేపుతాడు. సర్వర్ గంట మోగగానే లేచి, చిటికెలో పని ముగించుకుని మళ్ళీ పడుకుంటుంది. మళ్ళీ రెండు గంటలు. అంటే ఒక్కో ఫ్రేముకు 20 మిల్లీసెకన్లు. సెకనులో అలాంటివి 50!

నల్లబల్ల మీద ఈ లెక్క వేసి చూపిస్తే వాడు అడిగిన తర్వాతి ప్రశ్న: "అయితే గంటను గబగబా కొట్టిస్తే?"

కొట్టించారు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్లో ఇంటెల్ పీసీలకు సెకనుకు 1000 గంటలు. పాత లెక్కే: రెండు గంటలంటే 2 మిల్లీసెకన్లు, సెకనుకు 500 ఫ్రేములు. వాడు రాత్రంతా కూర్చుని కెర్నెల్ కంపైల్ చేసి, పొద్దున్నే ఆ అంకె చూపించడానికి స్టాఫ్ రూముకు పరిగెత్తుకొచ్చాడు.

వెయ్యి గంటలకూ ఖర్చుంది. గంట మోగినప్పుడల్లా ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి పలకాలి. ఏ పనీ లేక కునుకు తీస్తున్నా లేవాలి. ల్యాప్‌టాప్ వాళ్ళు బ్యాటరీ తినేస్తోందన్నారు, పాటలూ వీడియోల వాళ్ళు తగ్గిస్తే ఊరుకోమన్నారు. 2005లో 2.6.13తో డిఫాల్టు 250 అయింది. ఇద్దరికీ నచ్చని పంచాయితీ తీర్పు. కావాలంటే 100, 1000 ఎంచుకోవచ్చన్నారు.

ఇంకో చిక్కు. జిఫ్ఫీల లెక్కను 32 బిట్ల డబ్బాలో పెడితే, 100 గంటలప్పుడు అది నిండి సున్నాకు రావడానికి 497 రోజులు పట్టేది. 1000 అయ్యేసరికి 49.7 రోజులే. విండోస్ 95 ఆగిపోయేది కూడా సరిగ్గా అన్ని రోజులకే, లెక్క ఒకటే కాబట్టి. లినక్స్ వాళ్ళ ఉపాయం నాకు భలే ఇష్టం: లెక్కను సున్నా నుంచి కాక, డబ్బా నిండడానికి అయిదు నిమిషాల ముందు నుంచి మొదలుపెట్టారు. లెక్క సున్నాకు తిరిగినప్పుడు తడబడేలా తప్పుగా రాసిన డ్రైవరు ఏదైనా ఉంటే యాభై రోజులు ఆగక్కర్లేదు, టీ తాగి వచ్చేలోపే బయటపడుతుంది.

అసలు మలుపు థామస్ గ్లైక్స్‌నర్‌ది. పడుకునేవాళ్ళు రెండు రకాలని ఆయన విడదీశాడు. "జవాబు రాకపోతే లేపు" అనేవాళ్ళు ఒక రకం. జవాబు ఎలాగూ వస్తుంది కాబట్టి వాళ్ళను లేపే అవసరం దాదాపు రాదు. వీళ్ళకు పాత గంట చాలు. "తప్పకుండా ఇన్నింటికి లేపు" అనేవాళ్ళు రెండో రకం. వీళ్ళను లేవాల్సిన వరుసలో పేర్చి, అందరికంటే ముందు లేవాల్సినవాడి సమయానికి హార్డ్‌వేర్ టైమరుకు అలారం పెట్టేస్తే గంటతో పనే లేదు. 2006లో 2.6.16లో పునాది పడింది, 2007లో 2.6.21తో పూర్తిగా పనిలోకి దిగింది. దాంతోపాటే ఖాళీ ప్రాసెసరుకు గంటే ఆపేశారు.

ఇప్పుడు మామూలు ప్రోగ్రాము నిద్రకు కెర్నెల్ కలిపే వెసులుబాటు 50 మైక్రోసెకన్లు. ఒకప్పటి 10 మిల్లీసెకన్ల గంట ఎంత మొరటుదో తెలియాలంటే చిత్తూరు దారిలో గాదంకి రాడార్‌ను తలచుకోండి. అంత వ్యవధిలో రేడియో తరంగం 1500 కిలోమీటర్ల ఎత్తుకు పోయి తిరిగి వస్తుంది.

ఈనాటి పిల్లలూ అదే ప్రశ్నతో వస్తున్నారు, పాత సలహా చదివి గంటను 1000 చెయ్యాలా అని. ఒకే కోర్ మీద నాలుగు సర్వర్లు కుక్కితే, వంతులు మార్చడానికి గంట ఇంకా పనికొస్తుంది కాబట్టి కొంత లాభం ఉండొచ్చు. నిద్ర లెక్కకైతే అక్కర్లేదు. కెర్నెల్ జోలికి పోకముందు ప్రాసెసర్ పవర్ సేవింగ్ ఆపి చూడండి. అంతకంటే ముందు ఆ వైఫై మానేసి కేబుల్ గుచ్చండి.