విద్యాఋణపు విడత నడుమ నిలిచినప్పుడు

చేనికి పారుచున్న నీరు హఠాత్తుగా నిలిచిపోయినచో రైతు పార భుజమున వేసికొని కాలువగట్టు వెంబడి నడచి, ఎచ్చట పూడినదో, ఎచ్చట గండిపడినదో చూచివచ్చును. కొడుకుగాని కూతురుగాని చదువుకొనుటకై బ్యాంకువారిచ్చుచున్న ఋణపు విడత నిలిచిపోయినప్పుడు మాత్రము ఆ రైతే కారణము విచారింపక వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కుచున్నాడు. పరీక్ష ఫీజు గడువు మూడు దినములలో ముగియునని కాలేజీనుండి కబురు రాగానే, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు వ్రాసియిచ్చును. అంతకుముందు చేయదగిన పని కొంత కలదు. దానిని సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

విద్యాఋణము నడచు తీరును ముందుగా గ్రహింపవలెను. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌వారు 2001 లో సిద్ధపరచి, తరువాత పలుమారులు సవరించిన మాదిరి పథకమును బట్టి మన బ్యాంకులు ఈ ఋణముల నిచ్చుచున్నవి. విద్యార్థి ఋణగ్రహీత, తండ్రియో తల్లియో అతనితోపాటు ఉమ్మడి ఋణగ్రహీత. నాలుగు లక్షల రూపాయలవరకు మన వాటా సొమ్ము పెట్టనక్కరలేదు. అంతకు మించినచో స్వదేశమున చదువునకు నూటికి ఐదు, విదేశమున చదువునకు నూటికి పదునైదు మనము భరింపవలెను. మంజూరైన మొత్తమును ఒకేమారు చేతికీయరు. ఫీజు గడువు వచ్చినప్పుడెల్ల ఒక్కొక్క విడతగా కాలేజీ పేరనే పంపుదురు. కావున మంజూరైన సొమ్ము వేరు, చేరిన సొమ్ము వేరు. ప్రతి విడతకు ముందు బ్యాంకువారు కాగితములను మరల చూచుకొందురు. ఆగిపోవుట సంభవించునది అచ్చటనే.

కాగితముల లోపము చిన్నది. గడచిన సంవత్సరపు మార్కుల జాబితా, ఫీజు కోరుచు కాలేజీవారు వ్రాసిన లేఖ, వెనుకటి విడతకు రశీదు, వీనిలో ఏదియో ఒకటి చేరకపోవుటవలన నిలిచిన ఋణములు చాల ఉండును. మన వాటా సొమ్ము కట్టకపోవుట మరియొక కారణము. నాలుగేండ్ల చదువునకు ఆరు లక్షల ఋణమనుకొందము. ఏటికి లక్షయేబదివేల ఫీజులో మన వాటా 7,500 రూపాయలు. మిగిలిన 1,42,500 బ్యాంకు పంపును. మన వాటాను ఏటేట ఆ విడతతోపాటు కట్టిన చాలును, మొదటనే అంతయు కట్టనక్కరలేదు. ఉపకారవేతనము వచ్చుచున్నచో దానిని కూడ ఈ వాటాలో జమకట్టుకొనవచ్చునని మాదిరి పథకములోనే యున్నది. ఈ సంగతి తెలియక చేతిసొమ్ము కట్టువారు కలరు. ఇంకొక చిక్కు అరుదైనను తెలిసియుండవలెను: నాలుగేండ్ల చదువును మూడేండ్లని బ్యాంకు లెక్కలో పొరపాటున వ్రాసినచో, చదువు ముగియకముందే తిరిగి చెల్లింపవలసిన వాయిదాలు మొదలై, విద్యార్థి తనకు తెలియకయే బాకీదారుడగును. కాలేజీవారిచ్చు స్టడీ సర్టిఫికెట్టు చూపి దీనిని దిద్దించుకొనవచ్చును.

మన సభ్యులను ఎక్కువగా బాధించునది వీటికంటె వేరైనది. అది తండ్రి పేరనున్న పంటఋణము. ఉమ్మడి ఋణగ్రహీతయైన తండ్రి ఇతర బాకీలనన్నిటిని బ్యాంకు చూడగలదు. సిబిల్ మొదలుగాగల నాలుగు పరపతి సమాచార కంపెనీలు దేశములో కలవు. బ్యాంకులు తమ ఋణగ్రస్తుల లెక్కలను వానికి పంపుచుండును. సిబిల్ స్కోరు మున్నూరునుండి తొమ్మిదివందలవరకు ఉండును. స్వల్పకాలపు పంటకిచ్చిన ఋణము గడువు దాటి రెండు పంటకాలములు చెల్లనిచో మొండిబాకీల పద్దులోనికి పోవును. వ్యవసాయేతర ఋణములైనచో తొంబది దినములే. తండ్రి పేరు ఇట్లు చెడినయెడల, బిడ్డ విడతను శాఖవారు ఆపి యుంచుట కలదు.

పంటఋణము గడువు మీరుటకు కరవుకాటకములే కారణమని యనలేము. ఋణమాఫీ వచ్చుననెడి మాట పుట్టిన సంవత్సరమున చెల్లింపగల రైతులు కూడ తిరగవ్రాయించుకొనుట మానుదురు. తెలంగాణములో 2024 జూలై, ఆగస్టు నెలలలో కుటుంబమునకు రెండు లక్షలవరకు మాఫీ మూడు విడతలుగా జరిగినది. అది 2018 డిసెంబరు 12 మొదలు 2023 డిసెంబరు 9 వరకుగల ఋణములకు మాత్రమే. ఆ హద్దులకు వెలుపలనున్నవారు ఎదురుచూచిన కాలమంతయు వారి లెక్కలో గడువు మీరిన దినములుగనే పడినది. మాఫీ పొందినవారు సైతము తమ ఖాతా మూసివేసినట్లు నమోదైనదో లేదో చూచుకొనవలెను. కొంత తగ్గించి ఒకేమారు చెల్లించి రాజీపడిన బాకీ “సెటిల్డ్” అని నమోదగును. అది పూర్తిగా తీర్చిన బాకీతో సమానము కాదు. మొగమాటమునకు పొరుగువానికి జామీను నిలిచినవారు మరింత జాగరూకులై యుండవలెను. పొరుగువాడు చెల్లింపని బాకీ జామీనుదారుని నివేదికలో కూడ కనబడును. జామీను సంతకము ఊరి మర్యాదకై చేయునదని తలచుట మనలో పాతవాడుక. ఆ వాడుకకు నేడు మూల్యము బిడ్డ చెల్లింపవలసి వచ్చుచున్నది.

ఇక చేయవలసినది. విడత ఏల ఆగినదో వ్రాతమూలకముగా తెలుపుడని బ్రాంచి మేనేజరుకు అర్జీ వ్రాసి, రెండవ ప్రతిపై అందినట్లు సంతకమును, ముద్రను, తేదీని వేయించుకొనవలెను. నోటిమాటగా చెప్పిన కారణము నేడొకటి, రేపొకటిగా మారును. ఆ తరువాత తండ్రి, విద్యార్థి ఇరువురి పరపతి నివేదికలను తెప్పించుకొనవలెను. ప్రతి కంపెనీయు ఏటికొక పర్యాయము పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెనని రిజర్వుబ్యాంకు నిబంధన. ఇందుకై దళారికి సొమ్మీయనక్కరలేదు.

నివేదికలో తప్పున్నచో, అనగా తీర్చిన ఋణము తీరనట్లున్నను, మనది కాని బాకీ మన పేర కనబడినను, ఆ కంపెనీకిని బ్యాంకుకును ఫిర్యాదు చేయవలెను. ముప్పది దినములలో సరిచేయనియెడల దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనను నిబంధన 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనికి వచ్చినది. తీర్చిన బాకీ సంఘములోనిదైనచో కార్యదర్శివద్ద బాకీ లేనట్లు పత్రమును పొంది అర్జీతో జతపరుపవలెను.

బాకీ నిజమైనదైనచో దానిని తీర్చుటయో, తిరగవ్రాయించుటయో తప్ప అడ్డదారి లేదు. ఇచ్చట లెక్క వేసికొని చూడుడు. ఎనుబదివేల పంటఋణమును గడువులోగా చెల్లించిన రైతునకు కేంద్ర ప్రభుత్వ రాయితీ పోగా నూటికి నాలుగు చొప్పున సంవత్సరమునకు పడు వడ్డీ 3,200 రూపాయలు. నిలిచిన విడత 1,42,500 రూపాయలను మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఒక్క నెలకే 4,275 రూపాయలు. తిరగవ్రాయుటకు అసలు సొమ్ము చేత లేనివారు రెండు దినములకు చేబదులు తెచ్చుట వాడుకయే. ప్రోనోటుకంటె అది మేలు. చెల్లించిన మరునాడే స్కోరు మారదు. బ్యాంకులు పక్షమున కొకసారి లెక్కలు పంపవలెనను నియమము 2025 జనవరినుండి కలదు. కావున ఆ లోపల రశీదునే మేనేజరుకు చూపి విడత కోరవలెను.

బ్యాంకు ముప్పది దినములలో జవాబీయకున్నను, ఇచ్చిన జవాబు న్యాయముగా లేకున్నను, రిజర్వుబ్యాంకు ఓంబుడ్స్‌మనుకు ఫిర్యాదు చేయవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. సిబిల్ స్కోరు తక్కువయను ఒక్క కారణమున విద్యాఋణపు దరఖాస్తును త్రోసిపుచ్చరాదని 2023 మే నెలలో కేరళ హైకోర్టు ఒక విద్యార్థి వ్యాజ్యమున పలికినది. అది మన రాష్ట్రములలోని శాఖలను కట్టివేయునది కాదు గాని, అర్జీలో ఉదహరింపవచ్చును. క్రొత్త దరఖాస్తు విషయముననే అట్లు పలికినప్పుడు, ఒకమారు మంజూరుచేసి సగము చదివించిన ఋణమును నడుమ ఆపుట మరింత అనుచితమని మా యభిప్రాయము.

ఈ వ్యవహారము నడచుచుండగా విద్యార్థిని కాలేజీ మాన్పింపరాదు. కుటుంబపు ఆదాయము ఏటికి నాలుగున్నర లక్షలలోపలనున్నచో, వృత్తివిద్యలు, సాంకేతికవిద్యలు చదువువారికి చదువు కాలమునను ఆపై ఒక సంవత్సరమును పడు వడ్డీని కేంద్ర ప్రభుత్వము భరించు పథకము 2009 నుండి కలదు. అనారోగ్యము వంటి కారణము లేక నడుమ చదువు మానినవారికి ఆ లాభము పోవును. ఫీజుకై మానిపించిన తండ్రి వడ్డీని కూడ నెత్తిన వేసికొన్నవాడగును. ఋణము మంజూరైయున్నదనియు, విడత విచారణలో నున్నదనియు బ్యాంకుచేత ఒక లేఖ వ్రాయించి, దానిని ప్రిన్సిపాలుకిచ్చి ఫీజునకు గడువు కోరవలెను. ఆ లేఖను అడుగవలసినది ఫీజు గడువు ముగిసిన నాడు కాదు, కాలేజీనుండి మొదటి కబురు వచ్చిన నాడే.